మడికట్టును గాయపుకట్టును

మాఘ శుద్ధ పంచమినాడు బాసర గోదావరీతీరము కన్నులపండువుగ నుండును. తలిదండ్రులు పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని, పళ్లెరములో బియ్యము పోసి, చిన్నివ్రేలు పట్టి అక్షరము దిద్దింతురు. నిజామాబాదు వైపునుండియు నాందేడు వైపునుండియు రైళ్లు జనమును తెచ్చి దింపుచుండును. వ్యాసమహర్షి నదిలో స్నానమాడి దినదినము ఇసుక తెచ్చి దేవీమూర్తులను నిలిపెనని స్థలపురాణము. జ్ఞానసరస్వతికి పసుపుపూత ప్రధానాలంకారము. ఆ పసుపునే ప్రసాదముగ గ్రహించినవారికి విద్యాబుద్ధు లబ్బునని భక్తుల విశ్వాసము. ఎగువన కందకుర్తియొద్ద మంజీరయు హరిద్రయు గోదావరిలో గలియుచున్నవి. హరిద్ర యనగా పసుపే గదా! ఈ చుట్టుప్రక్కల పొలములలో పండునదియు పసుపే. దేవికిని, నదికిని, రైతునకును ఒక్క వస్తువుతో ఇంతటి బంధుత్వము మఱియొక క్షేత్రమున కానరాదు.

అట్టి పర్వదినమున స్నానఘట్టపు మెట్లమీద ఒక ముసలి రైతును చూచితిని. అఱువదియేండ్లు దాటిన వయస్సు. కుడి యరికాలియందు, బొటనవ్రేలి మొదట, రూపాయిబిళ్లంత పుండు. దానిపై పసుపు దట్టముగ మెత్తి, చినిగిన ధోవతిపేలికతో చుట్టియుండెను. ఆ పేలిక నదిలో తడిసి, మెట్లపై దుమ్మునంటి, పసుపును రసియు బురదయు గలిసిన యొక వర్ణమునకు వచ్చియుండెను. నొప్పి గలదా యని యడిగితిని. "నొప్పి లేదు సారూ, అదే నయం. అమ్మ పసుపే పెట్టిన" అని చెప్పెను. చక్కెరవ్యాధి యుండి పదియేండ్లయినదట. నొప్పి లేకపోవుట తన యదృష్టమని యతడు తలంచుచుండెను. అదియే యతని యాపద యని చెప్పగలవారు ఆ జనసమ్మర్దమున ఎందఱుండిరో!

గాయమునకు కట్టుకట్టుట యను విషయమునకు సంపాదకీయపుటలో చోటేల యని పాఠకు లనుకొనవచ్చును. నదీజలముల పంపకములును, శాసనసభల వాదములును ఉండగా కంపౌండరు పనిని గుఱించి వ్రాయుటేల? ఏలనన, ఏ యింటనైనను సంవత్సరమునకొకమారు కత్తి తెగును, ముల్లు గ్రుచ్చుకొనును, ఒకరికి శస్త్రచికిత్స జరుగును, తాతగారి కాలు పుండుపడును. అప్పుడు ఆ గాయమును ముట్టు చేతిలోనే కాలును, ఒక్కొక్కపుడు ప్రాణమును నిలిచియుండును. ఆ చేతిని గుఱించి మనము తలంచినది బహుస్వల్పము.

మన యిండ్లలో మడి యననేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. స్నానము చేసి మడిబట్ట కట్టుకొన్న ముత్తైదువ వంటయింట ప్రవేశించినదా, ఇక ఆమె చేయి ఎచ్చట పడవలెనో ఎచ్చట పడరాదో ఇంటిల్లిపాదికిని తెలియును. పొరపాటున బాలుడు కొంగు తాకెనా, మడి చెడెను. అది కొంచెము చెడుట, మిక్కిలి చెడుట యని యుండదు. చెడెనా చెడినదే. మరల స్నానము, మరల బట్ట. ఈ క్రమశిక్షణను తరతరములుగ నేర్చిన జాతికి ఆస్పత్రిలో నర్సు పాటించు సూక్ష్మజీవిరహితపద్ధతి యంత తేలికగ నర్థము కావలసినది మఱియొకటి లేదు. ఏలయనగా, అదియు ఒక మడియే.

చూడుడు. పుండునకు కట్టు మార్చబోవు నర్సు మొదట గదిని చూచును. ఊడ్చుట, పక్కలు దులుపుట అప్పుడే జరిగియున్నచో ఆ పని నాపి, దుమ్ము అణగువఱకు వేచియుండును. విసనకఱ్ఱ నాపును. రోగికి నొప్పి మిక్కుటముగ నుండునట్టి గాయమైనచో ముందుగనే నొప్పిమందిచ్చి, అది పనిచేయుటకు అరగంట వ్యవధి యిచ్చును. ట్రాలీని తుడిచి సామగ్రి చేర్చును. గాజులు, ఉంగరములు, గడియారము తీసివేసి, సబ్బుతో చేతులు కడుగును. ముందుచేయి, వెనుకచేయి, వ్రేళ్లసందులు, బొటనవ్రేలు, గోళ్లమూలలు, మణికట్టు: ఇవన్నియు సరిగ రుద్ది కడుగుటకు 40 మొదలు 60 సెకండ్లు పట్టును. మన కొళాయిక్రింది ప్రక్షాళనము ఎంతసేపో ఎవరికి వారు లెక్కించుకొనవచ్చును.

తరువాత సామాన్యపు తొడుగులు వేసికొని పాత కట్టు విప్పును. అంటుకొనియున్నచో లాగదు. ఉప్పునీటి సెలైనుతో తడిపి మెల్లగ వదలించును. లాగినచో క్రొత్తగ పుట్టుచున్న మాంసాంకురములు కట్టుతో గూడ ఊడివచ్చును గనుక. ఆ కట్టును పసుపుపచ్చని సంచిలో వేయును. 2016 నాటి జీవవైద్యవ్యర్థముల నిబంధనలలో నిట్టి వ్యర్థమున కేర్పడిన రంగది. ఇచ్చటను పసుపే! తొడుగులు తీసి మరల చేతులు శుభ్రపఱచును. అప్పుడు గాని అసలు మడి మొదలు కాదు.

ఆవిరియొత్తిడితో శుద్ధిచేసిన పొట్లమును ఆమె విప్పు తీరు చూడదగినది. మొదటి మడతను తనకు ఆవలివైపునకు తెఱచును. ప్రక్కమడతలు పిదప. తన వైపు మడత కడపట. ఏలనన, తెఱచిన గుడ్డమీదుగ చేయి చాపుట కూడదు. చేతినుండి రాలు చర్మపు పొట్టు కంటికి కానరాదు గాని, దానిని ఆశ్రయించిన సూక్ష్మజీవులకు అదియే వాహనము. పఱచిన గుడ్డ అంచునుండి అంగుళము మేర మైలగనే లెక్కింపబడును. నడుమునకు దిగువనున్నదియు మైలయే. వీపు త్రిప్పినచో, వెనుక ఏమి జరిగినదో చూడలేదు గనుక, అదియు మైలయే. శుద్ధమైన తొడుగును ధరించునపుడు మొదటిదానిని మడచిన అంచు లోపలిభాగమున మాత్రము పట్టుకొనును. రెండవదానిని, తొడుగుకొన్న వ్రేళ్లను దాని మడతక్రింద దూర్చి ఎత్తును. చర్మము చర్మపువైపును, తొడుగు తొడుగువైపును మాత్రమే తాకవలెను. మన బామ్మలు దండెముమీది మడిబట్టను కఱ్ఱతో దింపుట చూచినవారికి ఈ చాతుర్యము క్రొత్త కాదు.

దూదియుండను పట్టకారుతో పట్టి, కుట్లువేసిన గాయమైనచో పైనుండి క్రిందికి ఒకే గీతగ తుడుచును. గుండ్రని పుండైనచో నడుమనుండి వెలుపలికి. ఒక యుండ ఒక్కమారే. వెలుపలి చర్మమును తుడిచినదానిని మరల నడుమకు తెచ్చుట మహాపరాధము. అనేకమంది రోగులున్న వార్డులో శుభ్రమైన గాయములను ముందును, చీముపట్టినవానిని కడపటను చూచును. పిమ్మట పుండు పొడవెంత, లోతెంత, రంగెట్టిది, రసి యెంత, వాసన గలదా, చుట్టును ఎఱ్ఱదనమో వేడిమియో వాపో కలదా యని పుస్తకమున వ్రాయును. ఈ వ్రాత లేనిచో రేపు వచ్చు నర్సునకు పుండు మానుచున్నదో ముదురుచున్నదో తెలియదు.

అయితే ఈ మడికిని మన మడికిని రెండు భేదములు గలవు. మొదటిది: మన మడిలో తడిబట్ట శ్రేష్ఠము. నర్సు మడిలో తడి యనగా మైల. పొట్లము తడిసెనా, కట్టు రసితో పైవఱకు నానెనా, ఆ తడియే వంతెనయై వెలుపలి సూక్ష్మజీవులను లోపలికి చేర్చును. కావుననే ఆవిరిలో శుద్ధిచేసిన పొట్లము ఆఱక తడిగ వచ్చినచో దానిని వాడక త్రోసిపుచ్చుదురు. గోదావరిలో మునిగి వచ్చిన కాలి కట్టు ఏ పక్షమునకు చెందునో పాఠకులే యూహింపగలరు.

రెండవ భేదము పెద్దది. మన మడి మనుష్యుని చూచి మైల యనును. ఈ మడి మనుష్యుని చూడదు, చేతిని చూచును. ఏ కులమువాని చేయియైనను కడుగకున్న మైలయే. కడిగి తొడుగు వేసికొన్న చేయి ఎవ్వరిదైనను పవిత్రమే. ప్రొద్దుననుండి మడితో నుండి, పనివానిని వాకిట నిలిపిన గృహస్థుడే, వాని కాలికి పార తగిలినపుడు పొయ్యిలోని బూడిదనో, కాఫీపొడినో, పేడనో అద్దించుట నేను చిన్ననాట చూచితిని. అంటు అను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. ఒకదానిని పట్టుకొని రెండవదానిని విడిచితిమి.

పేడ మాట వచ్చినది గనుక చెప్పెదను. ధనుర్వాతమును కలిగించు జీవి మట్టియందును పశువుల పేడయందును బీజరూపమున నిద్రించుచుండును. ఆ బీజము నీటిని మరగించినంతమాత్రమున చావదు. సాధారణముగ 121 డిగ్రీల వేడిమిలో, చదరపుటంగుళమునకు 15 పౌండ్ల యొత్తిడిలో, కనీసము పావుగంట ఆవిరి పట్టింపవలెను. పొట్లము పెద్దదైనచో ఇంకను ఎక్కువసేపు. ఆటోక్లేవు అను యంత్రము చేయు పని యిదియే. మన వంటింటి ప్రెజరు కుక్కరునకు అది యన్నగారు. బొడ్డుకోసిన చోట మురికి తగిలి పురిటిలోనే ధనుర్వాతముతో పోయిన శిశువులెందఱో! కొడవళ్లు, పేడముద్దలు పోయి శుభ్రమైన కాన్పులును, తల్లులకు టీకాలును వచ్చినపిదప, 2015లో భారతదేశము ఆ శిశుధనుర్వాతమును తుడిచిపెట్టిన దేశములలో చేరినది. యుద్ధవిజయముల వలె దీనిని గుఱించి బాకాలూదినవారు లేరు.

మన ప్రాచీనులకు ఈ సంగతులు తెలియవా యని యడుగువారుందురు. తెలిసినంత తెలియును. వ్రణచికిత్సకు సుశ్రుతుడు 60 ఉపక్రమములను చెప్పెను. 14 విధముల కట్లను వర్ణించెను. గాయపడినవాని గది యెట్లుండవలెనో, గోళ్లు వెండ్రుకలు కత్తిరించుకొని తెల్లని వస్త్రము నెట్లు ధరింపవలెనో, గుగ్గులు, వస, తెల్లావాలు, వేపాకు నేతితో కలిపి యెట్లు పొగ వేయవలెనో విధించెను. చరకుడు చికిత్సకు నాలుగు పాదములని చెప్పి, వైద్యునితోను ఔషధముతోను రోగితోను సమానముగ పరిచారకుని నిలిపి, అతనికి పరిచర్యాజ్ఞానము, నేర్పు, అనురాగము, శౌచము అను నాలుగు గుణములుండవలెనని నిర్ణయించెను. ఏ దేశపు నర్సుల పాఠశాల యందైనను గోడపై వ్రాసికొనదగిన నిర్ణయమది. కాని, గాయపడినవాని మాంసరక్తములకై నిశాచరులు పొంచియుందురని సుశ్రుతుడు చెప్పినదానిని పట్టుకొని, ఆ నిశాచరులు నేటి సూక్ష్మజీవులే యని వాదించు నుపన్యాసకులతో నేను ఏకీభవింపజాలను. మన పెద్దలకు లేని గొప్పను అంటగట్టుట వారిని గౌరవించుట కాదు. వారు శౌచమును కనుగొనిరి. దాని కారణమును కనుగొన్నది ఇతరులు.

ఆ యితరులలో ముఖ్యుడు జోసెఫు లిస్టరు. 1865 ఆగస్టులో, గ్లాస్గో నగరపు ఆస్పత్రికి, బండిచక్రము కాలిపై నెక్కి యెముక విఱిగి, చర్మము చీలిన పదునొకండేండ్ల బాలుని తెచ్చిరి. అట్టి కాలును ఆ దినములలో తీసివేయుట వాడుక. లేదా చీముపట్టి రోగి మరణించుట వాడుక. పాస్చరు పరిశోధనలు చదివియున్న లిస్టరు గాయమునకు కార్బాలికామ్లముతో కట్టు కట్టెను. చీము పట్టలేదు. ఆఱు వారములకు ఎముక అతుకుకొన్నది. 1867లో ఆయన తన యనుభవమును ప్రకటింపగా పెద్ద వైద్యులనేకులు నవ్విరి. పిదప జర్మనులు, మందుతో జీవులను చంపుటకన్న అవి గాయమును చేరకుండ జేయుటయే మేలని, ఆవిరితో పనిముట్లను గుడ్డలను శుద్ధిచేయు పద్ధతిని 1880 తరువాతి దశాబ్దిలో స్థిరపఱచిరి. బండిచక్రము క్రింద కాలు పడుట మన సంతరోడ్లయందు అరుదైన సంగతి కాదు గనుక ఈ కథ మనకు దూరపుది కాదు.

ఇక పసుపు. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు, గాయములు మానుటకు పసుపును వాడు విధానముపై 5401504 సంఖ్యగల పేటెంటు లభించినది. దానిని కనుగొన్నవారుగ పేర్కొనబడిన యిద్దఱును భారతీయ సంతతివారే యగుట చిత్రము. మన యవ్వలు శతాబ్దములుగ చేయుచున్న పనికి పరదేశమున యాజమాన్యపత్రము! డాక్టరు మషేల్కరుగారు అధిపతిగ నున్న మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలి ఊరకుండలేదు. 1996లో అభ్యంతరము తెలిపి, సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథములనుండియు, 1953లో భారతీయ వైద్యసంఘపు పత్రికలో వెలువడిన వ్యాసమునుండియు సాక్ష్యములు చూపగా, 1997లో ఆ పేటెంటు రద్దయినది. నాడు దేశమంతటను కలిగిన సంతోషము న్యాయమైనది. నిజామాబాదు బజారులో కొమ్ము అమ్ముకొను రైతునకు తన సొత్తు తనదే యని తేలినది.

అయితే ఆ తీర్పు ఏమి చెప్పినదో, ఏమి చెప్పలేదో గ్రహింపవలెను. పసుపు గాయమునకు వాడుట క్రొత్త విషయము కాదని మాత్రమే ఆ తీర్పు. అంగడిలోని పసుపు పొట్లమును విప్పి పుండులో పోయుడని ఏ న్యాయస్థానమును చెప్పలేదు. పసుపునందు సూక్ష్మజీవులను అణచు గుణము గలదని ప్రయోగశాలలు చూపినమాట నిజమే. కాని మన పసుపు ఏ దారిన వచ్చునో భూస్వాములైన పాఠకులకు నేను చెప్పవలెనా? ఉడికిన కొమ్ములను కల్లములో నేలపై ఆఱబోయుదుము. కోళ్లు తిరుగును, కుక్కలు పొరలును, ఎడ్లు త్రొక్కును. పిదప మిల్లులో పొడియై, తెఱచిన గోనెలలో కూర్చుండి, రంగు చాలకున్న సీసముతో గూడిన విషపు రంగు కూడ కలుపు పాపాత్ములు దేశములో లేకపోలేదు. కూరలో వేసినపుడు పొయ్యి కొంత కాపాడును. పచ్చిపుండులో ఎవరు కాపాడుదురు? పైగా ఆ పొడి గడ్డకట్టి, క్రింద చీము దాగి, పుండు మానినట్లు భ్రమ గొలుపును. దేవి పసుపు నుదుటను నాలుకను ఉండదగినది. దానిని పుండునకు తగిలింపకుండుట అపచారము కాదు.

ఆ ముసలి రైతునకు నొప్పి లేకపోవుటను గుఱించి చెప్పెదనంటిని. బాసరకు దూరము కాని డిచ్‌పల్లిలో ఈ పాఠమునకు పెద్ద బడి యుండెను. స్కాట్లండు దేశీయురాలు డాక్టరు ఇసబెల్ కెర్ర్, భర్త జార్జి కెర్ర్‌తో 1907లో నిజాము రాజ్యమునకు వచ్చి, నిజామాబాదు ప్రాంతమున కుష్ఠురోగుల దైన్యమును చూచి, 1915 ప్రాంతమున డిచ్‌పల్లిలో వారికై విక్టోరియా వైద్యశాలను నెలకొల్పిరి. ఆ పనికి ధనమిచ్చి తోడ్పడినవాడు నర్సాగౌడు అను హిందూ దాత. విదేశ ప్రభుత్వమును ఎదిరించిన మనము విదేశీయురాలి సేవను మఱచుట తగదు. ఊరివారు రాళ్లతో తఱిమిన మనుష్యుల పుండ్లను ప్రతిదినము కడిగి కట్టినవారు వారు.

కుష్ఠురోగి వ్రేళ్లు రోగముచేతనే కుళ్లి రాలిపోవునని లోకము చిరకాలము నమ్మినది. 1946లో వెల్లూరునకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ అట్లు కాదని కనుగొనెను. రోగము నరములను చంపును, స్పర్శ పోవును, స్పర్శ పోయినవాడు కాలినది యెఱుగడు, కోసికొన్నది యెఱుగడు, రాత్రి ఎలుక కొఱికినను ఎఱుగడు. ఆ గాయములు మైలపడి, ఎముకవఱకు చీము పాకి, వ్రేలు పోవును. శత్రువు రోగముకన్న గాయము, గాయముకన్న దాని మైల. పుండుపడిన కాలికి విశ్రాంతి నిచ్చి, శుద్ధమైన కట్టు కట్టి, తగిన పాదరక్ష తొడిగినచో కాలు నిలుచును. నేడు కుష్ఠము మందులతో నయమగుచున్నది. కాని అదే కథను చక్కెరవ్యాధి మన మధ్యతరగతి యిండ్లలో మరల చెప్పుచున్నది. పదియేండ్ల మధుమేహమున పాదముల నరములు మొద్దుబారును. మండు రాతిపై ఒట్టికాలితో ప్రదక్షిణము చేసిన భక్తునకు బొబ్బలు లేచినది సాయంకాలము చాపపై తడి చూచి గాని తెలియదు. పుండు మొదలైన దినమున కట్టు, మూడుమాసములు పసుపు, ఆపైన ఱంపము. ఈ మూడింటిలో మొదటిదానికి అగు వ్యయము చెప్పదగినంత కాదు.

ఇంటిలో ఈ మడి యంతయు సాధ్యమా యను ప్రశ్న న్యాయమైనది. సాధ్యము కాదు, సంపూర్ణముగ అవసరమును కాదు. శస్త్రచికిత్స గాయమునకు, లోతైన పుండునకు, కాలిన పెద్దగాయమునకు, ఆస్పత్రి శుద్ధి కావలెను. శస్త్రవైద్యుడు వేసిన కట్టును సాధారణముగ మొదటి రెండుదినములు కదపకుండుటయే మేలు. చుట్టములు వచ్చి విప్పి చూచుట ప్రేమ కాదు. పాతబడి మానుచున్న పుండునకు మాత్రము, వైద్యుడు చెప్పినచో, ఇంటివారు సబ్బుతో కడిగిన చేతులతో, సెలైనుతో కడిగి, మూసియున్న పొట్లమునుండి తీసిన గాజ్ గుడ్డను వేసి కట్టవచ్చును. గాయమును గాలికి ఎండబెట్టుట మంచిదను నమ్మకమును విడువవలెను. 1962లో జార్జి వింటరు అను శాస్త్రజ్ఞుడు పందులపై చేసిన ప్రయోగములలో, మూసి తేమగ నుంచిన గాయము తెఱచియుంచినదానికన్న త్వరగ క్రొత్తచర్మము దాల్చునని చూపెను. మానుచున్న ఎఱ్ఱని పుండులో దినదినము హైడ్రొజన్ పెరాక్సైడు పోసి బుసబుస పొంగుటను చూచి సంతోషించుటయు కూడదు. ఆ పొంగులో చచ్చునది సూక్ష్మజీవి మాత్రమే కాదు, పసిచర్మమును చచ్చును.

భూస్వాములతో ప్రత్యేకముగ ఒకమాట. పసుపు ఉడుకు దినములలో కడాయిల యొద్దను, ఆవిరి డ్రమ్ముల యొద్దను చేతులు కాళ్లు కాలుట యేటేట జరుగుచున్నది. కాలినచోట టూత్‌పేస్టు, సిరా, గుడ్డుసొన పూయుదురు. అవేవియు వలదు. గాజులు ఉంగరములు వెంటనే తీసి, పాఱు చల్లని నీటిక్రింద 20 నిమిషములు ఉంచవలెను. బొబ్బలు చిదుపరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యశాలకు చేర్పవలెను. ధనుర్వాతపు సూది యెప్పుడు వేయించుకొన్నది పనివారి కెవ్వరికిని గుర్తుండదు. ఆ లెక్కను కూలిలెక్కల పుస్తకముననే ఒక ప్రక్క వ్రాసియుంచుట యజమానికి భారము కాదు. బావికొట్టమున ఎరువుల బస్తాల ప్రక్కన ఒక రేకుపెట్టె పెట్టి, అందులో సబ్బు, సెలైను సీసాలు, మూసిన గాజ్ పొట్లములు, చుట్టుగుడ్డ, తొడుగులు ఉంచుడు. ట్రాక్టరుకు మరమ్మతుపెట్టె ఉంచిన చేతికి ఇది క్రొత్త విద్య కాదు.

ఈ పని చేయు పరిచారికలను మనమెట్లు చూచితిమి? చీము నెత్తురు ముట్టు వృత్తి నీచమని మన కులస్త్రీలను పంపలేదు. క్రైస్తవ కుటుంబములవారును, కేరళమునుండి వచ్చిన సోదరీమణులును మన తలిదండ్రుల పుండ్లు కడిగిరి. 1906లో జూలూల తిరుగుబాటు నాడు గాంధీమహాత్ముడు ఇరువదినలుగురి చిన్న దళముతో పోయినపుడు, కొరడాదెబ్బలు తిన్న జూలూల గాయములను తెల్లవారెవ్వరును ముట్టకుండిరి. దినములతరబడి దిక్కులేక కుళ్లియున్న ఆ గాయములను కడిగి కట్టుట తమ భాగ్యముగ ఆయన యెంచెను. చరకా నూలు వడికినంత మాత్రమున ఆయన శిష్యులమని చెప్పుకొనుట సులభమే. ఈ రెండవ విద్యను ఆయన యొద్ద నేర్చినవారు తక్కువ.

గోదావరి పుష్కరములు 2015లో జూలై 14 మొదలు 25 వఱకు జరిగినవి. ఆ తరువాతి పుష్కరములు 2027నకు చెందినవి. లక్షలమంది ఒట్టికాళ్లతో, సగమునకు సగము చక్కెరను దాచుకొనియో యెఱుగకయో, తడిమెట్లపై దిగుదురు. అట్టివేళ ఘట్టములకు రంగులు వేయుట, తోరణములు కట్టుట, ఉపన్యాసవేదికలు నిలుపుట జరుగును. ప్రతి ఘట్టమున ఒక పొడి గది, పాఱు నీటికొళాయి, ఆవిరిశుద్ధి పొట్లములు, ఇద్దఱు నర్సులు, వ్రాతపుస్తకము, వీనికి చోటు అంచనాపట్టికలో మొదటి పుటలోనే ఉండవలెను. బాసరలోనే 2008లో నెలకొన్న సాంకేతిక విశ్వవిద్యాలయమున వేలమంది యువకులున్నారు. నిజామాబాదున 2013లోను, నిర్మలలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. నేర్పువారును నేర్చువారును దగ్గఱలోనే యున్నారు. వాలంటీర్లకు తొడుగు వేసికొనుటయు, పాత కట్టు విప్పుటయు, ఎవరిని వెంటనే ఆస్పత్రికి పంపవలెనో గుర్తించుటయు నేర్పుటకు కొలది వారములు చాలును. దేవస్థానమువారు చెప్పుల అంగడికి వేలము వేయుటతోపాటు, చక్కెరవ్యాధి గలవారు మేజోడులతో ప్రదక్షిణము చేయవచ్చునని ఒక పలక కట్టినను పుణ్యమే.

ఆ ముసలి రైతును నేను ఆ దినముననే సమీప వైద్యశాలకు తోడ్కొనిపోయితిని. పర్వదినపు రద్దీలో ఒక యువతి మాత్రమే నర్సు. ముందు ఒక కుట్లగాయమును చూచి, పిదప ఇతనిని పిలిచెను. పసుపుగడ్డను సెలైనుతో నానబెట్టి నానబెట్టి వదలించుటకే పావుగంట పట్టినది. క్రింద పుండు నా బొటనవ్రేలి కణుపంత లోతున్నది. ఆమె కొలిచి, వ్రాసి, కట్టి, నిజామాబాదు పెద్దాస్పత్రికి చీటి వ్రాసి యిచ్చెను. శివరాత్రికి మునుగవచ్చునా యని యతడడిగెను. "కాలు తడ్పకు తాతా. పై మెట్టు మీద కూసొని చెంబుతోని నెత్తిమీద పోస్కో. గంగమ్మ ఏమనదు" అని చెప్పి, తొడుగులు పచ్చసంచిలో వేసి, మరల చేతులు కడుగుటకు పోయెను.